తీసుకుంటే భయం, వదిలేస్తే భయం: పాత కెర్నెల్‌కి ఏ ప్యాచ్‌లు పంపాలి?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. పేరు వేయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. రాసినామె లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) మీద పనిచేసే ఇంజినీరు. వాళ్ల టీమ్ తమ ఉత్పత్తిలో ఒక ఎల్‌టీఎస్ కెర్నెల్ వాడుతోంది. అంటే కొత్త సౌకర్యాలేవీ చేరకుండా, తప్పుల సవరణలు మాత్రం ఏళ్ల తరబడి అందుకునే వరుస. మెయిన్‌లైన్‌లో, అంటే కొత్త అభివృద్ధి జరిగే అసలు కోడ్‌లో, ఫైల్ సిస్టమ్‌కి (డిస్క్ మీద ఫైళ్లని దాచే భాగం) వస్తున్న మార్పుల్లో, అంటే ప్యాచ్‌లలో, ఏవి ఆ పాత కెర్నెల్‌లోకి బ్యాక్‌పోర్ట్ చేయాలి (వెనక్కి తెచ్చుకోవాలి), ఏవి వదిలేయాలి అన్నది తేల్చే పని ఏడాదిగా ఆమె ఒక్కరి మీదే ఉంది. అంతకుముందు చూసినాయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఏది ఎందుకు తీసుకున్నారో, ఏది ఎందుకు వద్దనుకున్నారో ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇప్పుడు ఆమెను మూడు వైపుల నుంచి మూడు మాటలు తరుముతున్నాయి. "దీనికి సీవీఈ నంబర్ వచ్చేసింది, ఇంకా ఎందుకు తీసుకోలేదు?" అని సెక్యూరిటీ టీమ్ వారం వారం అడుగుతుంది (సీవీఈ అంటే భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య). "ఫిక్సెస్ ట్యాగ్ ఉన్నవన్నీ తీసేసుకుంటే ఏ గొడవా ఉండదు కదా" అంటారు మేనేజర్ (ఇది ఫలానా కమిట్‌తో, అంటే కోడ్‌లో చేరిన ఫలానా మార్పుతో, వచ్చిన లోపానికి సవరణ అని ప్యాచ్‌లో రాసే గుర్తు అది). "టెస్టులు పూర్తిగా నడపకుండా ఒక్క ప్యాచ్ కూడా స్టేబుల్‌కి పంపొద్దు" అంటారు అప్‌స్ట్రీమ్‌లో, అంటే అసలు కెర్నెల్ ప్రాజెక్టులో, ఆ ఫైల్ సిస్టమ్‌ని చూసుకునే మెయింటెయినర్. స్టేబుల్ అంటే విడుదలైన కెర్నెల్ వరుసలకు సవరణలు చేర్చే ఏర్పాటు; ఎల్‌టీఎస్ వరుసలూ అందులోవే.

ఈ నలుగులాటలో ఒక సిరీస్ (వరుసగా చేర్చాల్సిన ప్యాచ్‌ల గుంపు) వచ్చి పడింది. కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేచాక, అప్పటికే డిస్క్‌కి చేరిందని చెప్పిన ఫైలు చివరి భాగం సున్నాలుగా కనిపించే లోపానికి సవరణ అది. మొత్తం 12 ప్యాచ్‌లు. అసలు సవరణ పన్నెండోది. ముందున్న పదకొండూ కోడ్‌ని అటూ ఇటూ సర్దినవి. ఆమె పాత కెర్నెల్‌కి సరిపోయేలా సొంతంగా తొమ్మిది లైన్ల ప్యాచ్ ఒకటి రాసుకున్నారు. ఒక కస్టమర్ దగ్గర ఇలాంటి నష్టమే కనిపించింది గానీ అది ఈ లోపమేనో కాదో తేలలేదు. మొత్తం సిరీస్ తీసుకోవాలా, తన ప్యాచ్ పెట్టాలా, అసలు వదిలేయాలా? "వదిలేస్తే ఎవరి డేటా పోతుందో అని, తీసుకుంటే నా చేతుల మీదుగా ఎవరి డేటా పోతుందో అని నిద్ర పట్టడం లేదు. నేను ఈ పనికి తగనేమో, వదిలేసుకోమంటారా?" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట. మీ భయం అతి కాదు. మీరు చేస్తున్న పనిలో ఆ భయం ఉండాల్సిందే. నెట్‌వర్క్ డ్రైవర్‌లో తప్పు ప్యాచ్ చేరితే కనెక్షన్ తెగుతుంది; పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే మళ్లీ వస్తుంది. ఫైల్ సిస్టమ్ సంగతి అలా కాదు. తప్పు కెర్నెల్ నడిచిన ఆ రెండు రోజుల్లో డిస్క్ మీద ఏం రాసిందో అది అక్కడే ఉండిపోతుంది. ప్యాచ్‌ని రివర్ట్ చేస్తే కోడ్ వెనక్కి వస్తుంది, డేటా రాదు. పైగా ఆ తప్పు డేటాయే ఆ రాత్రి బ్యాకప్‌లోకి కూడా వెళ్లిపోతుంది. అందుకే మిగతా విభాగాల్లో చెల్లిపోయే "తీసుకుని చూద్దాం, తేడా వస్తే తీసేద్దాం" అనే పద్ధతి మీ దగ్గర చెల్లదు.

అయితే మీరు రెండో వైపు కూడా అంతే గట్టిగా చూడాలి. వదిలేయడం సురక్షితం అని మనకు అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ మన చేయి పడలేదు. కానీ తెలిసిన లోపాన్ని పాత కెర్నెల్‌లో ఉంచడం కూడా మీరు తీసుకున్న నిర్ణయమే. దాన్నీ తీసుకున్న ప్యాచ్‌ని చూసినంత జాగ్రత్తగా చూడాలి. ఇప్పుడు మీ బాధ అంతా రెండిటినీ మనసులోనే మోస్తూ, ఒక్కదాన్నీ కాగితం మీద పెట్టకపోవడం వల్ల పెరుగుతోందని నాకనిపిస్తోంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ మేనేజర్ మాటకు జవాబుగా 2023 డిసెంబర్‌లో జరిగింది ఒకటి చెబుతాను. ఈ పని చేసేవాళ్లంతా దీన్ని వివరంగా తెలుసుకోవాలి. ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో ఒక సవరణ వచ్చింది. ఓ-సింక్ (రాసింది డిస్క్‌కి చేరాకే పూర్తయినట్టు చెప్పే ఆప్షన్) పెట్టి, డైరెక్ట్ ఐవోతో (మధ్యలో మెమరీ క్యాష్ లేకుండా నేరుగా రాసే పద్ధతి) ఫైలుని పొడిగించినప్పుడు, పెరిగిన ఫైలు సైజు కూడా సరిగ్గా డిస్క్‌కి చేరేలా చూడడం దాని ఉద్దేశం. అంటే అది డేటా భద్రత కోసమే రాసిన ప్యాచ్. మెయిన్‌లైన్‌లో చక్కగా పనిచేసింది. దాన్ని 6.1 అనే ఎల్‌టీఎస్ వరుసలోని 6.1.64 విడుదలలోకి తెచ్చారు. ఇబ్బంది లేకుండా అతుక్కుంది, కంపైల్ అయింది. కానీ మెయిన్‌లైన్‌లో అంతకుముందే ఐవోమ్యాప్ అనే ఉమ్మడి కోడ్‌లో చిన్న మార్పు ఒకటి జరిగింది: రాత పూర్తయ్యాక ఫైల్లో మన స్థానాన్ని ముందుకు జరిపే పనిని ఇంకాస్త తర్వాతకి మార్చారు. ఈఎక్స్‌టీ4 సవరణ ఆ మార్పు ఉందని నమ్ముకుని రాసింది. 6.1లో ఆ మార్పు లేదు. దాంతో తర్వాతి రాత ఎక్కడ మొదలవాలో చెప్పే స్థానం లెక్క తప్పింది, డేటా పాడైంది. 6.1.64, 6.1.65 రెండిటిలోనూ ఈ లోపం ఉంది. అదే సమయంలో, లినక్స్ మీద నడిచే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 12.3 వెర్షన్ బయటకు రావాల్సి ఉంది. దాన్ని ఆపి, సరిచేసిన కెర్నెల్‌తో డిసెంబర్ 10న 12.4గా విడుదల చేశారు.

ఇందులో ఎవరూ అజాగ్రత్తగా లేరు. ప్యాచ్ మంచిదే, రాసినవాళ్లు నిపుణులే, స్టేబుల్‌లోకి వచ్చిన దారి కూడా ఎప్పుడూ వచ్చే దారే. తప్పిందల్లా ఒక్కటే: ఆ ప్యాచ్ దేన్ని నమ్ముకుని రాశారు, అది పాత కెర్నెల్‌లో ఉందా అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఫిక్సెస్ ట్యాగ్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. లోపం ఏ కమిట్‌తో పుట్టిందో మాత్రమే అది చెబుతుంది. మీ పాత కెర్నెల్‌లో లోపం ఉందా లేదా తెలుసుకోడానికి అది మంచి ఆధారం. సవరణ అక్కడ సరిగ్గా పనిచేస్తుందా అన్నదానికి అసలు ఆధారమే కాదు.

అందుకని మీరు ఒక్కో ప్యాచ్‌ని చేతిలోకి తీసుకున్నప్పుడు "ఇది మంచి ప్యాచా?" అని అడగకండి. మెయిన్‌లైన్‌లో చేరిందంటే మంచిదే అనుకుందాం. అడగాల్సింది రెండు విషయాలు. ఇది దేన్ని నమ్ముకుంది? దీన్ని వదిలేస్తే ఈ పాత కెర్నెల్ వాడేవాళ్లలో ఎవరికి, ఏ పని చేస్తుండగా, ఏం పోతుంది? నేనైతే మొదటి దానికి ఎక్కువ సమయం ఇస్తాను. ప్యాచ్ ముట్టుకున్న ప్రతి ఫంక్షన్‌ని పాత కోడ్ చెట్టులో, కొత్త కోడ్ చెట్టులో పక్కపక్కన తెరిచి చూడండి. డిఫ్‌లో కనిపించే లైన్లతో ఆగకుండా ఆ ఫంక్షన్‌ని ఎవరెవరు పిలుస్తున్నారో కూడా చూడండి. కొత్త కెర్నెల్‌లో పిలిచేవాళ్లు ఐనోడ్ లాక్ (ఒకే ఫైలుని ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళం) పట్టుకుని వస్తుంటారు, పాతదాంట్లో పట్టుకోకుండా వస్తుంటారు. కొత్తదాంట్లో తప్పు జరిగితే రుణ సంఖ్య తిరిగొస్తుంది, పాతదాంట్లో సున్నా వస్తుంది. ఇలాంటి తేడాలు గిట్‌కి (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) తెలియవు, కంపైలర్‌కి తెలియవు. కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన, అంటే పాత కోడ్‌తో అతకని ప్యాచ్ ఎలాగూ మిమ్మల్ని ఆపి ఆలోచింపజేస్తుంది. ఏ అడ్డూ లేకుండా చేరిపోయిన ప్యాచ్ దగ్గరే నేను ఎక్కువ జాగ్రత్త పడతాను.

అలాగే ఆ కమిట్ నంబర్ పెట్టి, దాన్నే ఫిక్సెస్ ట్యాగ్‌లో చూపిస్తున్న తర్వాతి కమిట్లు మెయిన్‌లైన్‌లో ఏవైనా ఉన్నాయేమో గిట్ లాగ్‌లో వెతకండి. సవరణకు సవరణ రావడం ఫైల్ సిస్టమ్‌లలో మామూలే. మొదటిది తీసుకుని రెండోది మరిచిపోతే పాత లోపం పోయి కొత్తది వస్తుంది. మీరు తీసుకునేది పాత వరుసలోకి అయితే, దానికీ మెయిన్‌లైన్‌కీ మధ్య ఉన్న ఎల్‌టీఎస్ వరుసలన్నిటిలోనూ ఆ సవరణ ఉందో లేదో చూసుకోండి. 5.15లో పోయిన లోపం 6.1కి అప్‌గ్రేడ్ అయినప్పుడు తిరిగి రాకూడదు. స్టేబుల్ నిర్వాహకులు కూడా ఈ విషయం గట్టిగా అడుగుతారు.

మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు "అన్నీ తీసుకుందాం" అన్నది తెలివితక్కువ మాటన్నట్టు తీసిపారేయకండి. చాలా విభాగాలకు అదే సరైన పద్ధతి. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, సాషా లెవిన్ నడుపుతున్న స్టేబుల్ వ్యవస్థ కూడా ఎక్కువ తీసుకోవడం వైపే మొగ్గుతుంది. ట్యాగ్ లేని ప్యాచ్‌ల్లోంచి కూడా సవరణల్లా కనిపించేవాటిని యంత్రం సాయంతో ఏరే ఆటోసెల్ పద్ధతి అక్కడ ఉంది. తెలిసిన లోపాలు వదిలేయడం వల్ల జరిగే నష్టమే మొత్తం మీద ఎక్కువన్నది దాని వెనకున్న ఆలోచన. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ డెవలపర్లు తమ ఫైల్ సిస్టమ్‌ని ఆటోసెల్ నుంచి తప్పించమని అడిగి తప్పించుకున్నారు. మెమరీ నిర్వహణ విభాగం కూడా తాము సీసీ స్టేబుల్ (స్టేబుల్‌లోకి కూడా పంపమనే గుర్తు) అని స్పష్టంగా రాసినవే తీసుకోమంటుంది. నెమ్మదైనా సరే, ఏం తీసుకున్నామో తెలిసి తీసుకుందాం అన్నది వాళ్ల లెక్క. ఎక్స్‌ఎఫ్‌ఎస్ దీనికి మూల్యం కూడా చెల్లించింది: పాత ఎల్‌టీఎస్ వరుసల్లోకి సవరణలు చేరడం చాలాకాలం బాగా వెనకబడింది. 2022 నుంచి 5.4, 5.10, 5.15 వరుసలకు వేర్వేరు మనుషులు బాధ్యత తీసుకుని, ప్యాచ్‌లు ఏరి, టెస్టులు నడిపి, ముందు ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాళ్ల ఆమోదం పొంది, ఆ తర్వాతే స్టేబుల్‌కి పంపడం మొదలుపెట్టాక పరిస్థితి మెరుగుపడింది. మీ మేనేజర్‌కి ఈ రెండు దారులూ చూపించండి. మొదటి దారిలో మనిషి సమయం ఆదా అవుతుంది, 6.1.64 లాంటిది ఎప్పుడో ఒకటి నెత్తిన పడుతుంది. రెండో దారిలో యంత్రాలు, మనుషుల ఖర్చు ఉంటుంది, కొన్ని సవరణలు ఆలస్యమవుతాయి. ఏ నష్టాన్ని భరించగలరో ఎంచుకోవాల్సింది కంపెనీ. ఆ ఎంపిక ఇప్పటిదాకా మీ ఒక్కరి నెత్తి మీద ఉండిపోయింది.

సెక్యూరిటీ టీమ్ విషయం కొంత తేలిక. 2024 ఫిబ్రవరిలో కెర్నెల్ ప్రాజెక్టే సొంతంగా సీవీఈ నంబర్లు ఇచ్చే అధికారం తీసుకుంది. కెర్నెల్‌లో ఏ లోపమైనా ఎవరో ఒకరి చేతిలో దాడికి పనికిరావచ్చు కాబట్టి, స్టేబుల్‌లోకి వచ్చిన సవరణల్లో చాలావాటికి నంబర్ ఇచ్చేస్తారు. తీవ్రత ఎంతో చెప్పే స్కోరు మాత్రం వాళ్లు ఇవ్వరు, ఎందుకంటే కెర్నెల్‌ని ఎవరు ఎక్కడ వాడుతున్నారో వాళ్లకు తెలియదు. కాబట్టి నంబర్ ఉంది అన్నది చూడాల్సిన ప్యాచ్ అని చెబుతుంది, అంతే. ఫైల్ సిస్టమ్‌లలో ఇలాంటివి ఎక్కువగా కావాలని చెడగొట్టిన డిస్క్ ఇమేజ్‌ని మౌంట్ చేస్తే (వాడకానికి తగిలిస్తే) కెర్నెల్ పడిపోయే రకం. మీ ఉత్పత్తిలో బయటివాళ్లు ఇచ్చిన డ్రైవ్ దానంతటదే మౌంట్ అవుతుందా? అయితే అది నిజంగా అత్యవసరం, సెక్యూరిటీ టీమ్ వైపు నిలబడండి. రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) తప్ప ఎవరూ, తాము తయారుచేసిన డిస్క్ తప్ప ఏదీ మౌంట్ చేయలేని సర్వర్లా? అప్పుడు అది వరుసలో వెనక్కి వెళ్తుంది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వాళ్లతో కలిసి కూర్చుని రాసుకుంటే వారం వారం గొడవ సగం తగ్గుతుంది.

దేన్ని ముందు చూడాలో నా అభిప్రాయం అడిగితే, అన్నిటికంటే ముందు చప్పుడు లేకుండా డేటా పాడుచేసేవి. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, ఆరు నెలల తర్వాత ఫైలు తెరిస్తే తెలుస్తుంది. వాటి పక్కనే జర్నల్ రికవరీ (మెషీన్ మళ్లీ లేచాక ఫైల్ సిస్టమ్ తన చిట్టా చూసి సర్దుకోవడం) లోపాలు, ఎందుకంటే అవి కరెంటు పోయిన రోజునే బయటపడతాయి, ఆ రోజే మనిషికి ఫైల్ సిస్టమ్ మీద ఎక్కువ నమ్మకం అవసరం. మెషీన్ వేలాడిపోయే డెడ్‌లాక్‌లు ఎంత చికాకు పెట్టినా వీటి తర్వాతే. వేగం పెంచేవి, కోడ్ శుభ్రం చేసేవి, ఎప్పుడో జరగొచ్చు అని ఊహించిన రేస్‌లు (రెండు పనులు ఒకేసారి నడిచి వచ్చే తప్పులు), వీటిని స్టేబుల్ నియమాలే చాలావరకు వద్దంటాయి: మనుషుల్ని నిజంగా ఇబ్బంది పెట్టే లోపమై ఉండాలి, మెయిన్‌లైన్‌లో అప్పటికే ఉండాలి, సరైనదని స్పష్టంగా కనిపించాలి, టెస్ట్ అయి ఉండాలి, చుట్టూ ఉన్న లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదు. డిస్క్ మీది ఫార్మాట్‌ని మార్చేది ఏదైనా సరే, ఎంత చిన్నదైనా, నేను ముట్టుకోను.

ఇక మీ 12 ప్యాచ్‌లు.

మీ ముందు మూడు దారులున్నాయన్నారు, కానీ వాటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ కస్టమర్ దగ్గర జరిగింది ఈ లోపమేనా? అది తేలకుండా ఏ దారి పట్టినా గుడ్డిగా పట్టినట్టే. 2018 చివర్లో 4.19లో ఇలాగే డేటా పాడవుతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఈఎక్స్‌టీ4 వాడేవాళ్ల దగ్గర కనబడింది కాబట్టి చాలామంది ఈఎక్స్‌టీ4నే అనుమానించారు. చివరికి లోపం దాని కింద, డిస్క్‌కి అభ్యర్థనలు పంపే బ్లాక్ లేయర్‌లోని మల్టీక్యూ కోడ్‌లో ఉందని తేలింది, 4.19.8లో సరిచేశారు. ఫైల్ సిస్టమ్‌లో ఏ ప్యాచ్ తెచ్చినా అది పోయేది కాదు. కాబట్టి మీ పాత కెర్నెల్ మీద ఈ లోపాన్ని కావాలని రప్పించే చిన్న ప్రోగ్రాం రాయండి. ఫైలుని పొడిగిస్తూ రాయడం, ఎఫ్‌సింక్ చేయడం (డిస్క్‌కి చేర్చమనడం), వెంటనే డీఎం-ఫ్లేకీ అనే, డిస్క్ చెడినట్టు నటించే సాధనంతో రాతలు డిస్క్‌కి చేరకుండా ఆపడం, మళ్లీ మౌంట్ చేసి ఫైలు చివర చూడడం. సిరీస్‌తో పాటు ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ అనే ఫైల్ సిస్టమ్ టెస్టుల సంపుటిలోకి టెస్ట్ కూడా పంపి ఉంటే సగం పని అయిపోయినట్టే. సున్నాలు కనిపిస్తే మీ కెర్నెల్‌లో లోపం ఉందని రుజువైంది. ఆ కస్టమర్ చేసే పని కూడా ఇదే రకమా అన్నది తర్వాత వాళ్లను అడిగి తేల్చుకోవచ్చు. ఎంత ప్రయత్నించినా కనిపించకపోతే, మీ పాత కెర్నెల్‌లో ఆ దారే లేదేమో కోడ్‌లో చూడండి. లోపమే లేని కెర్నెల్‌కి సవరణ తెచ్చి కొత్త లోపం పెట్టుకోవడం కంటే దురదృష్టం లేదు.

లోపం ఉందని తేలిందనుకుందాం. మొత్తం సిరీస్ తీసుకుంటే మీ కోడ్ మెయిన్‌లైన్‌కి దగ్గరవుతుంది. రేపు దీనిమీద వచ్చే సవరణలు సులువుగా చేరతాయి, అప్‌స్ట్రీమ్‌లో చదివిన కళ్లన్నీ మీ కోడ్‌ని కూడా చదివినట్టే. స్టేబుల్ నిర్వాహకులు ఇష్టపడేది కూడా ఇదే. సొంతంగా మార్చి రాసిన ప్యాచ్‌ల కంటే, ముందు రావాల్సినవాటితో సహా అసలు ప్యాచ్‌లనే తీసుకుంటామంటారు. కానీ ఆ పదకొండు ప్యాచ్‌లూ "ప్రవర్తన మారదు" అని రాసుకున్న సర్దుబాట్లు. మెయిన్‌లైన్‌లో మారదన్నది నిజం. మీ కెర్నెల్‌లో మారదని ఎవరూ పరీక్షించలేదు. పదకొండు ప్యాచ్‌ల మీద పైన చెప్పిన చదువంతా చదవాలి. అందుకు ఎన్ని వారాలు పడుతుందో మీకే తెలుస్తుంది.

మీ తొమ్మిది లైన్లు పెడితే మార్పు చిన్నది, ఒక సాయంత్రంలో ఎవరైనా చదివి అర్థం చేసుకోగలరు. అయితే ప్రపంచంలో దాన్ని చదివింది మీరొక్కరే. రేపు ఆ చోటికి మెయిన్‌లైన్ నుంచి మరో సవరణ వస్తే అది మీ కోడ్ మీద అతకదు, లేదా తప్పుగా అతుకుతుంది, అప్పటికి మీరు ఆ టీమ్‌లో ఉండకపోవచ్చు. ఈ దారి పడితే దాన్ని మీ చెట్టులోనే దాచుకోకండి. అసలు కమిట్ నంబర్ పైన రాసి, దేన్ని ఎందుకు మార్చారో కమిట్ సందేశంలో వివరంగా చెప్పి, ఆ సిరీస్ రాసినవాళ్లకు పంపండి. "పాత కెర్నెల్‌కి ఇది సరిపోతుందా, నేను చూడనిది ఏమైనా ఉందా?" అని నేరుగా అడగండి. తమ సవరణ గురించి ఇంత లోతుగా చదివి అడిగినవాళ్లకు జవాబివ్వని డెవలపర్లు తక్కువ. వాళ్లు "సరే" అంటే అది మీ ఒక్కరి ప్యాచ్ కాదిక. "వద్దు, ఏడోది లేకుండా ఇది పనిచేయదు" అంటే మీరు ఒక పెద్ద ప్రమాదం తప్పించుకున్నట్టు.

వదిలేయడం కూడా కొన్నిసార్లు సరైన జవాబే. లోపం రావడానికి చాలా అరుదైన పరిస్థితి కావాలి, దాన్ని తప్పించుకునే మౌంట్ ఆప్షన్ ఏదైనా ఉంది, లేదా ఆ కస్టమర్లను కొద్ది నెలల్లో కొత్త ఎల్‌టీఎస్‌కి తీసుకెళ్తున్నారు అంటే వదిలేయొచ్చు. కానీ అప్పుడు ఆ లోపం ఉందని వాడేవాళ్లకు చెప్పి తీరాలి. డేటా వాళ్లది. చెప్పకుండా వదిలేయడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

మీ ఉత్తరంలో చెప్పినదాన్ని బట్టి అయితే, లోపం రుజువైతే, నేను మీ తొమ్మిది లైన్లతో మొదలుపెట్టి సిరీస్ రచయితల అభిప్రాయం అడుగుతాను. వాళ్లు అభ్యంతరం చెబితే సిరీస్ వైపు వెళ్తాను. ఇది నా మొగ్గు మాత్రమే. కోడ్ చూస్తున్నది మీరు, పదకొండులో ఎనిమిది ఇప్పటికే మీ చెట్టులో ఉన్నాయంటే లెక్క పూర్తిగా మారిపోతుంది.

టెస్టుల గురించి. మెయింటెయినర్ మాట మీకు కఠినంగా అనిపించింది గానీ, ఈ ముగ్గురిలో మీ నిద్రకు పనికొచ్చేది ఆయన మాటే. స్టేబుల్ విడుదలకు ముందు సాధారణంగా 48 గంటల సమీక్ష ఉంటుంది. ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో ఆటో అనే టెస్టుల గ్రూప్ ఒక్క కాన్ఫిగరేషన్‌కే గంటలు తీసుకుంటుంది, 4కే బ్లాకులు, 1కే బ్లాకులు, కోటా ఉన్నది, రీఫ్లింక్ (ఫైళ్లు ఒకే డేటాని పంచుకునే సౌకర్యం) ఉన్నది లేనిది అని కలిపితే రోజులే. అంటే ఆ 48 గంటల్లో ఎవరో మీ బదులు పూర్తిగా పరీక్షిస్తారని ఆశ పెట్టుకోవద్దు. ప్యాచ్ పంపకముందే మీ దగ్గర అయిపోవాలి.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ప్యాచ్ పెట్టాక టెస్టులు నడిపి, ఏవో నాలుగు ఫెయిల్ అయితే, అవి పాతవో కొత్తవో తెలియక తల పట్టుకుంటారు. ప్యాచ్ లేని కెర్నెల్ మీద ముందుగా బేస్‌లైన్ (పోల్చుకోడానికి తొలి ఫలితాలు) తీయండి, ఒక్కసారి నడిపి కాదు, పదేపదే నడిపి. డిస్క్ మధ్యలో చెడిపోయినట్టు నటించి రికవరీని మళ్లీ మళ్లీ పరీక్షించే జెనరిక్/475 లాంటి టెస్టులు కొన్నిసార్లు ఫెయిల్ అవుతాయి, కొన్నిసార్లు దాటిపోతాయి. లెక్క చూడండి: నూటికి అయిదుసార్లు ఫెయిలయ్యే టెస్టుని 20 సార్లు నడిపితే, ఒక్కసారి కూడా ఫెయిల్ కాకుండా దాటిపోయే అవకాశం సుమారు 36 శాతం. 60 సార్లు నడిపితే అది 5 శాతం లోపుకి వస్తుంది. కాబట్టి "20 సార్లు నడిపాను, ఏమీ కాలేదు" అన్నది అనుకున్నంత గట్టి మాట కాదు. మీ ప్యాచ్ రికవరీ దారిని ముట్టుకుంటోంది కాబట్టి, మొత్తం గ్రూప్‌ని ఒకసారి నడిపి, రికవరీ టెస్టుల్ని మాత్రం వారాంతమంతా తిరగనివ్వండి. ఇందుకు ప్రత్యేకంగా యంత్రాలు కావాలి. మీ లాప్‌టాప్ మీద రాత్రిళ్లు నడిపే పని కాదిది. మేనేజర్‌ని అడగాల్సిన మొదటి విషయం ఇదే.

ఇందాక కాగితం అన్నాను కదా. మీకు ముందు పనిచేసినాయన ఏమీ రాసిపెట్టకపోవడం వల్ల మీరెంత ఇబ్బంది పడుతున్నారో మీకే తెలుసు. చూసిన ప్రతి ప్యాచ్‌కి, తీసుకున్నా వదిలినా, నాలుగు వాక్యాలు రాయండి. లోపం మా కెర్నెల్‌లో ఉందా, ఎలా తెలిసింది. వదిలితే ఎవరికి ఏం పోతుంది. తీసుకుంటే దేన్ని నమ్ముకుంది. ఏం నడిపి చూశాం. "తీసుకోలేదు, 5.19లో వచ్చిన మార్పు మా దగ్గర లేదు కాబట్టి ఈ లోపం ఇక్కడ పుట్టదు" అని రాసిన ఒక్క లైను, సెక్యూరిటీ టీమ్ మళ్లీ అడిగినప్పుడు అరగంట వాదనను ఆపుతుంది. దానికంటే ముఖ్యం, ఆ నాలుగు వాక్యాలు రాశాక ఆ ప్యాచ్ మీ మనసులోంచి దిగుతుంది. రాత్రి రెండింటికి గుర్తొచ్చి "అది చూశానా?" అనిపిస్తే, చూశారని అక్కడ ఉంటుంది. రాయడానికి జవాబులేని వాక్యం ఏదైనా ఉంటే, మీ టెన్షన్‌కి కారణం అక్కడే ఉందని కూడా తెలుస్తుంది. అప్పుడు దానిమీదే పనిచేయొచ్చు.

మీరు ఈ పనికి తగరా అని అడిగారు. తొమ్మిది లైన్ల ప్యాచ్ రాసుకుని కూడా, అది సరైనదేనని తెలిసేదాకా పెట్టకుండా ఆగిన మనిషి మీరు. ఈ పనికి కావాల్సిన గుణం అదే. కానీ ఒక్కరే చేయడానికి ఈ పని తగదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాళ్లు కూడా ఒక్కో వరుసకి ఒక్కో మనిషిని పెట్టుకుని, పైన ఆమోదించేవాళ్లను వేరేగా ఉంచుకున్నారు. ఎల్‌టీఎస్ మద్దతు కాలాన్ని ఆరేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గిస్తున్నామని 2023లో ప్రకటించినప్పుడు, నిర్వహించేవాళ్లు అలసిపోతున్నారన్న మాట కూడా అందులో వినిపించింది. మీరొక్కరే బలహీనులైపోలేదు.

ఆరు నెలలు చూసి వదిలేయాలనిపిస్తే వదిలేయండి, అందులో తప్పేమీ లేదు. కానీ అంతకుముందు మేనేజర్‌తో కూర్చుని మూడు అడగండి. టెస్టులకు ప్రత్యేక యంత్రాలు. మీరు ఎంచినదాన్ని చదివి సంతకం పెట్టే రెండో మనిషి, ఫైల్ సిస్టమ్ రాకపోయినా సరే, ప్రశ్నలు వేయగలిగితే చాలు. డేటా పాడుచేసే లోపాలకు తప్ప మిగతా వేటికీ వారం గడువు పెట్టకూడదన్న ఒప్పందం. ఈ మూడూ ఇవ్వకుండా "అన్నీ తీసేసుకో" అంటే, ఆ నిర్ణయం వాళ్లదని మెయిల్‌లో రాయించుకోండి. అప్పుడు మీరు ఉండాలా వద్దా అన్నది తేల్చుకోవడం సులువవుతుంది.

మెయింటెయినర్‌కి కూడా ఈ వారమే ఒక ఉత్తరం రాయండి. మీరు ఏ ఎల్‌టీఎస్ వరుస చూస్తున్నారో, ఏ కాన్ఫిగరేషన్లు నడపగలరో, ఇప్పుడు మీ బేస్‌లైన్‌లో ఏవి ఫెయిల్ అవుతున్నాయో చెప్పండి. ఇకమీద సవరణలు చేర్చేటప్పుడు సీసీ స్టేబుల్ పక్కన ఏ వెర్షన్ నుంచి వర్తిస్తుందో కూడా రాయగలరా అని అడగండి. రాసేటప్పుడు ఆ ఒక్క మాట చేర్చడానికి ఆయనకు నిమిషం పడుతుంది, అదే విషయం ఏడాది తర్వాత కోడ్ తవ్వి తెలుసుకోడానికి మీకు రోజు పడుతుంది. ఆ ఉత్తరంలోనే మీ తొమ్మిది లైన్లూ, రిప్రొడ్యూసరూ (లోపాన్ని రప్పించే ఆ చిన్న ప్రోగ్రాం) జతచేసి పంపండి.